పచామ్యన్నం చతుర్విధమ్: కణంలోని వైశ్వానరాగ్ని

అహం వైశ్వానరో భూత్వా ప్రాణినాం దేహమాశ్రితః ।
ప్రాణాపానసమాయుక్తః పచామ్యన్నం చతుర్విధమ్ ॥

భగవద్గీత 15వ అధ్యాయం, 14వ శ్లోకం. ప్రాణుల దేహాల్లో వైశ్వానరుడై, అంటే జఠరాగ్నియై ఉండి, ప్రాణాపానాలతో కూడి, నాలుగు విధాల అన్నాన్ని తానే పచనం చేస్తున్నానంటాడు స్వామి. భోజనానికి ముందు ఈ శ్లోకం చెప్పుకునేటప్పుడు మన మనసు పొట్ట దగ్గరే ఆగిపోతుంది. నిజానికి పొట్టలోనూ పేగుల్లోనూ జరిగేది విడగొట్టడమే: పిండిపదార్థం గ్లూకోజ్‌గా, కొవ్వు ఫ్యాటీ ఆమ్లాలుగా, మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా. శక్తి పుట్టే అసలు పచనం కణంలోనే.

నమిలినా, మింగినా, నాకినా, జుర్రినా, తిన్నది చాలావరకు ఎసిటైల్ కోఎంజైమ్-ఎ అనే ఒక్క అణువు దగ్గరికే చేరుతుంది. గ్లూకోజ్ ముందుగా కణద్రవ్యంలో పది మెట్లుగా విరుగుతుంది. అక్కడ మిగిలే లాభం 2 ఏటీపీలే. ఏటీపీ అంటే కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి అణువు. తర్వాత కణానికి శక్తి కేంద్రమైన మైటోకాండ్రియాలో క్రెబ్స్ వలయం అనే చర్యల చక్రం దాని కార్బన్‌ను కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేసి, ఎలక్ట్రాన్లను మైటోకాండ్రియా లోపలి పొర దగ్గరికి పంపుతుంది. అవి ఒక ప్రోటీన్ నుంచి మరో ప్రోటీన్‌కి దిగుతున్నకొద్దీ ప్రోటాన్లు పొర అవతలికి వెళ్లి పోగుపడతాయి. ఆనకట్ట నీరు టర్బైన్‌ను తిప్పినట్టు, అవి తిరిగి వస్తూ ఏటీపీని తయారుచేసే ఏటీపీ సింథేజ్ అనే ఎంజైమ్‌ను గిర్రున తిప్పుతాయి. ఈ సంగతి ప్రతిపాదించిన పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది. ఒక్క గ్లూకోజ్‌కు మొత్తం 30 నుంచి 32 ఏటీపీలు.

ఎలక్ట్రాన్లు చివరికి చేరేది ఆక్సిజన్‌ను. అది వాటిని, ప్రోటాన్లను కలుపుకొని నీరవుతుంది. పీల్చిన ఆక్సిజనే కార్బన్ డయాక్సైడై బయటికొస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు, అది నీరుగా మారుతుంది. బయటికొచ్చే కార్బన్ అన్నానిది. ఊపిరీ అన్నమూ కూడే చోటు ఈ పొరే. శ్లోకంలో ‘ప్రాణాపానసమాయుక్తః’ అన్నచోట నాకు ఎప్పుడూ ఇదే స్ఫురిస్తుంది. గీతలో మైటోకాండ్రియా గురించి ముందే చెప్పారని వాదించే పని లేదు. శ్లోకానికి ఆ సాక్ష్యం అక్కర్లేదు.

ఎలక్ట్రాన్లను ఆక్సిజన్‌కు అందించే చివరి ప్రోటీన్‌కి సయనైడ్ అతుక్కుంటే రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం వాడుకోలేదు. విటమిన్ బి1 లోపిస్తే, గ్లూకోజ్ విరిగినప్పుడు వచ్చే పైరువేట్ ఎసిటైల్ కోఎంజైమ్-ఎ కాలేక లాక్టిక్ ఆమ్లంగా పేరుకుంటుంది. అన్నం తిన్నా నాడులు, గుండె ఆకలితోనే ఉంటాయి.

నిల్వ సంగతి మరీ ఆశ్చర్యం. ఒంట్లో ఏ క్షణంలోనైనా ఉండే ఏటీపీ అటూ ఇటూగా 100 గ్రాములే. దాన్నే మళ్లీ మళ్లీ తయారుచేసుకోవడంతో రోజు మొత్తం లెక్క దాదాపు మన బరువంత అవుతుంది. కాలేయంలో సుమారు 100 గ్రాముల గ్లైకోజెన్ (గ్లూకోజ్ నిల్వ రూపం) ఉంటుంది, ఒక రోజు ఉపవాసంతో అది దాదాపు ఖాళీ అవుతుంది. ఆపైన కొవ్వే ఆధారం: గ్రాముకు 9 కిలోకేలరీలు, పిండిపదార్థానికి రెట్టింపు కన్నా ఎక్కువ.

ఇంతటి ఆక్సిజన్‌ను ఒంటినిండా మోసే ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా లేవు. మోసేదాన్ని అది తన కోసం ఖర్చుచేయదు, ఒక్కో గ్లూకోజ్‌కు వచ్చే ఆ 2 ఏటీపీలతోనే దాదాపు 120 రోజులు బతుకుతుంది.