అరువు సరుకుతో అంగడి

నాకూ, నాతో కలిసి పనిచేసే మావాడికీ ఈ మెటాసెర్చ్ పిచ్చి ఎలా పట్టిందో ఇంకోసారి రాస్తాను, ఇవాళ డబ్బు లెక్క మాత్రమే. తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో: సొంతంగా వెబ్ అంతా తిరిగి ఏ పేజీలో ఏముందో చెప్పే పట్టిక, అంటే ఇండెక్స్, కట్టుకోకుండా, మీరు కొట్టిన మాటను రెండు మూడు సెర్చ్ ఇంజన్లకు పంపి, వచ్చినవాటిలో డూప్లికేట్లు ఏరేసి, ఒకే పేజీలో చూపించడం. మెటాక్రాలర్ అనే సైటు 1995లోనే చేసిన పని ఇది. ఇండెక్స్ లేదంటే ఖర్చూ లేనట్టే కదా అనుకుని బెంగళూరు బీటీఎం లేఔట్‌లో రెండు గదుల ఇంట్లో మొదలుపెట్టాం.

అసలు ఖర్చంతా అక్కడే ఉంది. ఎవరు ఏం వెతికినా ఆ ఫలితాలను మనం కొనాలి. మేం మొదలుపెట్టేనాటికి గూగుల్ కస్టమ్ సెర్చ్ ఏపీఐలో (అంటే మన ప్రోగ్రామ్ నేరుగా వాళ్లనడిగి ఫలితాలు తెచ్చుకునే దారి) రోజుకు 100 సెర్చ్‌లు ఉచితం, ఆపైన వెయ్యికి 5 డాలర్లు. డాలరు 85 అనుకుంటే ఒక్కో సెర్చ్‌కి 43 పైసలు. రోజుకు 20 సార్లు వెతికే మనిషి నెలకు దాదాపు 258 రూపాయలు తినేస్తాడు, అదీ ఒక్క సోర్సుకే, ఇంకో రెండు కలిపితే మీరే వేసుకోండి. వాడేవాడు మాత్రం పైసా ఇవ్వడు. ఒకసారి తెచ్చినదాన్నే దాచుకుని పదిమందికి చూపిద్దామంటే చాలామంది సరఫరాదార్ల షరతులు ఒప్పుకోవు, ఒప్పుకున్నా పెద్దగా కలిసిరాదు, ఎందుకంటే గూగుల్ లాంటి గూగుల్‌కే రోజూ వచ్చేవాటిలో 15 శాతం అంతకుముందెన్నడూ రానివట.

పైగా సరుకు అమ్మేవాడే ఎదురుకొట్టు వాడు. 2023లో మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్ సెర్చ్ ఏపీఐ రేటు ఒక శ్రేణిలో వెయ్యికి 7 డాలర్ల నుంచి 25కి ఎక్కింది, అంటే ఒక్క సెర్చ్‌కి రెండు రూపాయల పైనే. 2025 ఆగస్టు 11న ఆ ఏపీఐనే మూసేశారు. రేటు పెరిగితే ఏడ్చైనా కడతాం, కొట్టే కట్టేస్తే ఎక్కడికి పోవాలి? అరువు సొమ్ములు బరువు చేటని మా నాయనమ్మ నగల గురించి అనేది, ఏపీఐలకు కూడా సరిపోయింది.

ఇవన్నీ ముందే తెలిసినవే అనుకోండి. తెలియనిది ఒక శనివారం పొద్దున తెలిసింది. మావాడు బ్రష్ నోట్లో పెట్టుకునే లాప్‌టాప్ తెచ్చి, "ఒరేయ్, రాత్రంతా ఎవడో మనల్ని తోడేశాడురా" అన్నాడు. ఎవడిదో బాట్, అంటే మనిషి లేకుండా తనంతట తానే వెతికే ప్రోగ్రామ్, మా సెర్చ్ పెట్టెలో వేలసార్లు కొట్టి ఫలితాలు పట్టుకుపోయింది. 300 డాలర్లు, అంటే మా ఇంటి అద్దెకు కాస్త ఎక్కువే. మేం డబ్బిచ్చి కొన్నది వాడు ఊరికే ఎత్తుకుపోయాడు. సరఫరాదారుడికి మెయిల్ పెడితే, వాడకం వాడకమే, బిల్లు బిల్లే అని జవాబు. నిజానికి వాళ్ల తప్పేం లేదు, రోజువారీ పరిమితి పెట్టుకోకపోవడం మా బుద్ధితక్కువ. ఆ పొద్దున దర్శిని హోటల్ దగ్గర నిలబడి ఇడ్లీ వడ తిన్నాం గానీ ఇద్దరికీ గొంతు దిగలేదు.

చందా పెట్టొచ్చు కదా అంటారు. మద్రాసు ఐఐటీలో చదివి, గూగుల్ ప్రకటనల విభాగాన్ని నడిపిన శ్రీధర్ రామస్వామి అంతటివాడు పెట్టిన నీవా అనే సెర్చ్ ఇంజన్ చందా పద్ధతిలోనే నడిచి 2023లో సెర్చ్ ఆపేసింది. జనంతో డబ్బు కట్టించడం కంటే అసలు కొత్త సెర్చ్ ఇంజన్‌ని ఒకసారి వాడి చూసేలా చేయడమే కష్టమైందని వాళ్లే చెప్పారు. ఎందుకు కష్టం కాదు, ఆపిల్ బ్రౌజర్ సఫారీలో ముందే పెట్టి ఉండే సెర్చ్, అంటే డిఫాల్ట్‌గా ఉండటానికి 2022లో గూగుల్ ఆపిల్‌కి ఇచ్చింది 2,000 కోట్ల డాలర్లు. మాకు దొరికిన డిఫాల్ట్ ఒక్కటే, మావాడి వాళ్లమ్మ ఫోను.

ఆవిడే మా అతి పెద్ద కస్టమర్. ఎవరేం వెతికారో నమోదయ్యే లాగ్ ఫైళ్లలో ఆవిడవి రోజుకు పదిహేనుసార్లు ఒకటే మాట: యూట్యూబ్. యూట్యూబ్ తెరవాలంటే మా సైట్‌కొచ్చి ఆ మాట కొట్టి, వచ్చినవాటిలో మొదటిది నొక్కుతుంది, అలా కొట్టినప్పుడల్లా మాకు 43 పైసలు ఖర్చు. చూసుకుంటే వాట్సాప్ అనీ, ఐఆర్‌సీటీసీ అనీ ఇలా పేర్లు కొట్టేవాళ్లు ఇంకా బోలెడుమంది. పోయిన వారం అలాంటి వంద పేర్లు రాసుకుని, ఏపీఐ దాకా పోకుండా నేరుగా ఆ సైటే తెరుచుకునేలా పెట్టాం. మర్నాడే ఆవిడ తిరుపతి నుంచి ఫోన్ చేసింది.

"ఏం నాయనా, మీది పాడైపోయినట్టుందే, లిస్టు రాకుండానే యూట్యూబ్ వచ్చేస్తోంది."