పన్నెండింటికి కోర్టు, రెండింటికి భోజనం

మే నెల, గురువారం. స్పెయిన్‌లోని వాలెన్సియా.

ఈ ఊళ్లో మధ్యాహ్నం రెండింటికి భోజనం చేస్తే ఆలస్యం చేసినట్టు కాదు. పొద్దు సరిగ్గా నడినెత్తికి వచ్చేది అప్పుడే. 1940లో స్పెయిన్ గడియారాన్ని ఒక గంట ముందుకు తిప్పారు, మళ్లీ వెనక్కి తిప్పలేదు. వాలెన్సియా ఉన్నదేమో గ్రీనిచ్ రేఖకు కాస్త పడమటగా, లండన్‌కు దాదాపు నేరుగా దక్షిణాన. గడియారం మాత్రం బెర్లిన్‌ది, దాని మీద వేసవి గంట ఇంకోటి. అందుకే మేలో సూర్యుడు నెత్తి మీదికి వచ్చేసరికి రెండవుతుంది, పొద్దుగూకేసరికి తొమ్మిది దాటుతుంది. ఇది తెలియక పన్నెండున్నరకే అన్నం అడిగితే, బయట రంగుబొమ్మల బోర్డులు పెట్టిన చోట ఫ్రీజర్‌లోంచి తీసి వేడిచేసిన పాయెయా, అంటే వెడల్పాటి మూకుడులో వండే ఈ ఊరి అన్నం వంటకం, వస్తుంది. అడిగిన ఐదు నిమిషాల్లో పళ్లెం ముందుకొచ్చిందంటే అది ఇప్పుడు వండింది కాదు. మంచి పాయెయాకి ఎంత లేదన్నా 40 నిమిషాలు.

కాబట్టి ఈ రోజుకి మేకులు మూడే కొట్టుకున్నాం: పదింటికి చిరుతిండి, పన్నెండుకి సాగునీటి తగాదాలు తీర్చే నీళ్ల కోర్టు, రెండింటికి అన్నం. మిగతాదంతా వదులుగా ఉంచాం. ఇద్దరు కలిసి ఊరు చూస్తున్నప్పుడు నాలుగో మేకు కొడితే పేచీ మొదలవుతుంది.

తొమ్మిదిలోపు మెర్కాట్ సెంట్రల్. 1928 నుంచి నడుస్తున్న బజారు. సోమవారం నుంచి శనివారం వరకు, ఏడున్నర నుంచి మూడింటి దాకా. ఆదివారం తలుపులు మూసే ఉంటాయి. మన రైతుబజారులో లాగా కాయను నొక్కి చూడకూడదు, అమ్మేవాళ్లే ఏరి ఇస్తారు. ఇంటికి పట్టుకెళ్లడానికి కుంకుమపువ్వు కొనేట్టయితే రేకులే కొనాలి. పక్కనే చవగ్గా దొరికే పసుపుపచ్చ పొట్లం మీద ‘కొలొరాంతె’ అని ఉంటుంది. అది టార్ట్రజిన్ కలిసిన ఉత్త రంగు. ఇక్కడి ఇళ్లలోనూ దాన్ని వాడతారు, ఎవరూ సిగ్గుపడరు. కానీ దాన్ని కుంకుమపువ్వనుకుని కొంటే రంగు వస్తుంది, వాసన రాదు.

బజారుకి ఎదురుగా లోన్హా, పాతకాలపు పట్టు వర్తకుల హాలు. 1482లో మొదలుపెట్టి కట్టారు. లోపలి స్తంభాలు తాడు పేనినట్టు మెలితిరిగి పైకి లేస్తాయి. గోడల వెంట చుట్టూ లాటిన్ అక్షరాలు. తూకంలో, మాటలో మోసం చెయ్యని వర్తకుడికి ఇహం, పరం రెండూ దక్కుతాయని వాటి సారం. దీనికి అరగంట చాలు.

పదింటి చిరుతిండిని ఇక్కడి భాషలో ఎస్మొర్జార్ అంటారు. పొద్దున తాగే కాఫీకి, మధ్యాహ్నం భోజనానికి నడుమ పనివాళ్ల తిండి ఇది. మూరెడు రొట్టెను నిలువుగా చీల్చి లోపల ఏదో ఒకటి కూరుతారు. పక్కన ఆలివ్‌లు, పొట్టుతో సహా వేయించిన వేరుశనక్కాయలు. ఆ కాయలు ఒలుస్తూ కూర్చుంటే అనంతపురం బస్టాండే గుర్తొస్తుంది. మా బావ శాకాహారి, గుడ్డు మటుకు తింటాడు. ఆయనకి బంగాళాదుంప, గుడ్డు కలిపి మందంగా వేసిన తొర్తీయా పెట్టిన రొట్టె. ఇక్కడ ‘సిన్ కార్నె’, అంటే మాంసం వద్దు, అని ఊరుకుంటే సరిపోదు. హామ్ అనే పంది మాంసం ముక్కలు, ట్యూనా చేప చాలామంది లెక్కలో మాంసం కిందికి రావు. ‘సిన్ కార్నె, సిన్ పెస్కాదో, సిన్ హమోన్’ అని, మాంసం, చేప, హామ్ మూడూ వద్దని విడివిడిగా చెప్పాలి.

చివర్లో క్రెమాయెట్. చిన్న గాజు గ్లాసులో రమ్ము, చక్కెర, నిమ్మతొక్క, దాల్చినచెక్క, నాలుగు కాఫీ గింజలు వేసి నిప్పంటిస్తారు. మంట ఆరాక చిక్కటి కాఫీ నెమ్మదిగా పోస్తారు. సరిగ్గా పోస్తే పొరలు పొరలుగా నిలుస్తుంది. మంట పెట్టినంత మాత్రాన మందు మొత్తం ఎగిరిపోదు, ఆ తర్వాత ఎండలో నడవాలన్నది గుర్తుండాలి.

ఇక ఈ రోజుని గురువారమే పెట్టుకోవడానికి కారణం. గుడి చౌకులో, కెథెడ్రల్ అపొస్తలుల ద్వారం ముందు, ప్రతి గురువారం పన్నెండు గంటలకి నీళ్ల కోర్టు కూర్చుంటుంది. క్రిస్మస్ సెలవుల్లో కూర్చోదు. ఇనుప కటకటా లోపల గుండ్రంగా కుర్చీలు, వాటిలో నల్ల చొక్కాల రైతులు. టూరియా నది నుంచి పొలాలకి నీళ్లు తీసుకెళ్లే ఎనిమిది కాలువల ప్రతినిధులు వీళ్లు. స్వయంగా సేద్యం చేసేవాళ్లే, ఆయకట్టు రైతులు ఎన్నుకున్నవాళ్లే. ఇత్తడి కొక్కెం కర్ర పట్టుకున్న బంట్రోతు ఒక్కో కాలువ పేరు పిలుస్తాడు: క్వార్త్ కాలువ మీద ఫిర్యాదున్నవాళ్లు రండి, మిస్లాతా కాలువ మీద ఫిర్యాదున్నవాళ్లు రండి. ఎవరూ రాకపోతే ఐదారు నిమిషాల్లో అంతా లేచిపోతారు. చాలా గురువారాలు జరిగేది అదే. నాటకం చూడాలని వచ్చినవాళ్లు ఉసూరుమంటారు. పదిహేను నిమిషాలు ముందే వెళ్లి కటకటా దగ్గర నిలబడకపోతే ముందువాళ్ల టోపీలే కనిపిస్తాయి.

కేసంటూ ఉంటే అది వంతు కానప్పుడు తూము తెరవడం గురించో, కాలువ పూడిక తియ్యకపోవడం గురించో, తన మడి నింపి పక్కవాడి చేను ముంచడం గురించో అయివుంటుంది. వకీళ్లు ఉండరు, వాదన అంతా నోటిమాటే, అదీ వాలెన్సియా భాషలో. అధ్యక్షుడు మాట్లాడాల్సిన మనిషి వైపు చెయ్యి కాదు, కాలు చూపిస్తాడు. ఎవరి కాలువ మీద తగాదా వచ్చిందో ఆ ప్రతినిధి తీర్పులో కలగజేసుకోడు. తీర్పు అక్కడికక్కడే. పై కోర్టుకి పోవడం అంటూ లేదు.

ఈ పద్ధతిలో తెలివి పంపకంలో ఉంది. ఏ కాలువకీ ఇన్ని ఘనపుటడుగులని గట్టి లెక్క రాసివ్వలేదు. నదిలో ఉన్నదాంట్లో భాగం, అంతే. నది నిండుగా ఉంటే అందరికీ నిండుగా, ఎండితే అందరికీ అదే దామాషాలో కోత. వంతులవారీగా నీళ్లిచ్చే వారబందీ పెట్టిన ఏడాది చివరి ఆయకట్టుకి నీళ్లందక తగాదాలు పడే గోదావరి డెల్టా మనిషికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మన కాలువల కాపలా లస్కరు రాత్రిపూట ఒంటరిగా మోసే తగువును వీళ్లు పట్టపగలు గుడి గుమ్మంలో పెట్టారు. అరబ్బుల కాలం నుంచి వస్తోందని ఊరి నమ్మకం. 1960లో వెయ్యేళ్ల ఉత్సవం చేసుకున్నారు, 2009లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. అదే చౌకులోని ఫౌంటెన్‌ని వెనక్కి తిరిగి చూడండి. వెల్లకిలా పడుకున్న మగమనిషి టూరియా నది, చుట్టూ ఉన్న ఎనిమిది మంది ఆడవాళ్లు ఆ ఎనిమిది కాలువలు. కోర్టు చూడకముందు అది ఉత్త బొమ్మ.

పక్కనే మికలెట్ గోపురం, 207 మెట్లు, ఇరుకైన చుట్టుమెట్లు. ఎక్కాలనుంటే ఒకరు ఎక్కొచ్చు, ఒకరు కింద నీడలో కూర్చోవచ్చు. ఈ ఊళ్లో విడిపోయి అరగంటలో కలుసుకోవడానికి ఇంతకంటే మంచి గుర్తు లేదు.

రెండింటికి అన్నం. పాయెయా ముందురోజే చెప్పి ఉంచాలి. మెనూలో ‘మీనిమో దోస్ పెర్సోనాస్’ అని ఉంటుంది. ఇద్దరికి తక్కువైతే వండరు, ధర మనిషికి ఇంత అని రాస్తారు, అంటే బిల్లు దానికి రెట్టింపు. ఒక మూకుడులో ఒక్కటే రకం గనక బావతో వచ్చినవాళ్లు కూరగాయలదే తినాలి. తగువు లేదు. కానీ ఎసరు దేంతో పెట్టారో అడగాలి: ‘ఎల్ కాల్దో ఎస్ దె వెర్దూరాస్?’ లేకపోతే పైన కూరగాయలు, అడుగున కోడి రసం. ఊరి అసలు వంటకంలో కోడి, కుందేలు, బల్లపరుపు పచ్చి చిక్కుళ్లు, గర్రొఫో అనే పెద్ద తెల్ల గింజలు పడతాయి. రొయ్యలూ ఆల్చిప్పలూ కలిపి వండింది పర్యాటకుల వంట అని వీళ్లు మూతి విరుస్తారు.

పాయెయా అంటే నిజానికి ఆ మూకుడు పేరు. ఇద్దరికి 30 సెంటీమీటర్లది, బియ్యం 200 గ్రాములు, బొంబా రకమైతే నీళ్లు దానికి మూడింతలు. నూనెలో మాంసమో కూరగాయలో బాగా ఎర్రబడనిచ్చి, తురిమిన టమాటా వేసి, అది ఇగిరాక తియ్య మిరపపొడి వెయ్యాలి. వేసిన పది సెకన్లలో నీళ్లు పడాలి. ఆ పొడి మాడితే మూకుడు మొత్తం చేదు. ఎసరు అరగంట మరిగి రసం దిగాక, ఇగిరినంత మేరకు నీళ్లు సరిచూసి, కుంకుమపువ్వు, ఉప్పు వేసి, బియ్యం కడగకుండానే చల్లుతారు. ఒక్కసారి సర్దాక గరిటె పెట్టకూడదు. కలిపితే గంజి దిగి ముద్దవుతుంది. పది నిమిషాలు పెద్ద మంట, ఎనిమిది నిమిషాలు సన్న మంట, చివర ఒక నిమిషం మళ్లీ పెద్దది. అడుగున పట్టే మాడు కోసం ఆ నిమిషం. దాని పేరు సొకర్రాట్. చిటపటలు వినిపించి కమ్మటి వాసన వస్తే దించాలి, పొగ వస్తే దాటిపోయింది. మనింట్లో గిన్నె గోకి పిల్లలకి పెట్టే అడుగు మాడే ఇక్కడ పెద్దలు పంచుకుంటారు. నీళ్లు ఇగిరినా పైన పలుకు ఉందంటే మూకుడు ఇరుకైందనో, మంట ఒకవైపే తగిలిందనో అర్థం. అప్పుడు వేణ్నీళ్లే చిలకరించాలి, చన్నీళ్లు పనికిరావు. అన్నం ఒక వేలు మందం కూడా ఉండకూడదు. బల్ల మీద మూకుడు మందంగా నిండి కనిపిస్తే వంటమనిషి మీద నమ్మకం తగ్గించుకోవచ్చు.

మూకుడులోనే, చెక్క చెంచాతో, ఎవరి వైపు ముక్కోణం వాళ్లు తింటారు. మధ్యకి గీత దాటకూడదు. ఇక్కడా వంతులే! పచ్చడి అడిగే ముందు రెండు ముద్దలు ఉత్తగా తిని చూడమని బావకి చెప్పాల్సి వచ్చింది. తాగడానికి ‘ఆగ్వా దెల్ గ్రీఫో’ అంటే కుళాయి నీళ్లు డబ్బులు లేకుండా ఇవ్వాలి, 2022 చట్టం. ఊరి నీళ్లు కాస్త చౌడుగా ఉంటాయి, తాగడానికి భయం లేదు.

మూడున్నరకి చిన్న దుకాణాలన్నీ మూత, ఐదుకి గానీ తెరవరు. ఆ వేళకి నది. నదిలో నీళ్లు లేవు, తోట ఉంది. 1957 అక్టోబరు 14న టూరియా పొంగి ఊరిని ముంచింది, 81 మంది పోయారు. ఆ తర్వాత నదినే ఊరికి దక్షిణంగా కొత్త కాలువలోకి మళ్లించారు. ఎండిన పాత పడక మీద మోటారు రోడ్డు వేద్దామనుకుంటే జనం అడ్డుపడి తోట చేయించుకున్నారు. దాదాపు 9 కిలోమీటర్ల పొడవు, పాత వంతెనలన్నీ నెత్తిమీద అలాగే ఉన్నాయి. 2024 అక్టోబరు 29 వరదలో ఆ మళ్లింపే ఊరి నడిబొడ్డుని కాపాడింది. ఆ కొత్త కాలువకి అవతల పైపోర్తా లాంటి ఊళ్లు మునిగాయి, జిల్లాలో 220 మందికి పైగా చనిపోయారు. తోటలో నడుస్తున్నప్పుడు రెండు తేదీలూ కలిపే గుర్తుకు రావాలి.

సెర్రాన్స్ బురుజుల దగ్గర తోటలోకి దిగి, చెట్ల కింద నెమ్మదిగా అరగంట నడిస్తే అలమేదా మెట్రో స్టేషన్, పాత నది అడుగునే. రఫెల్‌బున్యోల్ వైపు వెళ్లే 3వ లైను బండెక్కితే ఐదో స్టేషన్లో అల్బొరాయా. టికెట్ పారెయ్యొద్దు, బయటికి రావడానికీ గేటుకి చూపించాలి.

అల్బొరాయాకి వచ్చేది ఓర్చాతా కోసం. చూఫా అనే దుంప పాలు. మొక్క మన తుంగకి సొంత చుట్టం. కలుపు తీసీ తీసీ నడుములు పడిపోయే మన రైతుకి, తుంగను నీళ్లు పెట్టి పెంచి అమ్ముకునేవాళ్లున్నారని చెబితే నమ్మడు. వసంతంలో నాటి, చలికాలంలో తవ్వి, మూడు నెలలు ఆరబెడతారు. పావుకిలో దుంపలు రాత్రంతా నానబెట్టి, నీళ్లు మార్చి మార్చి కడిగి, లీటరు నీళ్లతో రుబ్బి, గుడ్డలో పిండి, 100 గ్రాముల చక్కెర వేసి మంచులా చల్లబరచాలి. కాచకూడదు, కాస్తే గంజిలా గడ్డకడుతుంది. పచ్చిది కాబట్టి ఫ్రిజ్‌లో రెండో రోజుకే పులుపెక్కుతుంది. సీసాల్లో నెలలు నిలవుండేది వేరే సరుకు. ఇందులో పాలచుక్క ఉండదు, పాలు పడనివాళ్లకి ఇబ్బంది లేదు. సగం గడ్డకట్టిన రకాన్ని గ్రనిసాదా అంటారు, రెండూ సగం సగం కావాలంటే ‘మీస్తా’ అనాలి. పక్కన ఫార్తోన్, సన్నగా పొడుగ్గా ఉండే మెత్తటి రొట్టె, పైన చక్కెర పూత. దాన్ని ముంచి, ఊరేలోపే నోట్లో పెట్టుకోవాలి. లేకపోతే విరిగి గ్లాసు అడుగుకి పోతుంది. బావకి రెండుసార్లు పోయింది.

రాత్రి తొమ్మిదిన్నర. వంటశాలలు ఇప్పుడే వేడెక్కాయి, మాకు ఆకలి లేదు. ఇక్కడివాళ్లు కూడా రాత్రిపూట పాయెయా ముట్టరు, బరువని. రెండు నారింజలు, బజారులో కొన్న కాస్త జున్ను సరిపోయాయి. రేపు అల్బుఫేరా సరస్సు వరిమళ్ల వైపు, ఎల్ పాల్మార్ ఊరికి వెళ్లే బస్సు. మే కాబట్టి మడులకి నీళ్లు పెట్టే రోజులివి.