గండికోట అంచున కన్ను, మెదడు

జమ్మలమడుగు నుంచి గండికోటకు సుమారు 15 కిలోమీటర్లు. చీకటి ఉండగానే బయల్దేరి, వెలుగు ఏటవాలుగా పడే వేళకు లోయ దగ్గరున్నాం. జుమా మసీదు దాటాక చివరంతా బండల మీద నడకే. రెండు చేతులూ ఖాళీగా పెట్టుకోవాలి.

నేల తెగిపోయి కింద పెన్న కనబడగానే మాట ఆగిపోతుంది. డాచర్ కెల్ట్‌నర్, జొనాథన్ హైట్ అనే మనస్తత్వవేత్తలు 2003లో ఈ విస్మయానికి రెండు లక్షణాలు చెప్పారు: మన కొలతకు అందని విస్తారం, దాన్ని ఇముడ్చుకోవడానికి మనసు తన లెక్క మార్చుకోవాల్సి రావడం. ఇక్కడ రెండోది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. ఎదుటి గోడ ఇటుకలు పేర్చినట్టుంటుంది. ఆ నెర్రెల్లో మొలిచిన చెట్టు మీద చూపు పడగానే, ఒక్కో దిమ్మె ఎంతదో అర్థమై గోడ అమాంతం పెరుగుతుంది. ఎర్ర గ్రానైట్ అని చాలామంది రాస్తారు గానీ ఇది క్వార్ట్‌జైట్, గట్టిపడిన ఇసుకరాయి. అడ్డపొరలు, నిలువు పగుళ్లు కలిసే ఆ దిమ్మెల్ని కోశాయి. పగుళ్లలో నీడ ఉంటేనే లోతు తెలుస్తుంది. మిట్టమధ్యాహ్నం వెళ్లినవాళ్లకు అదే గోడ చప్పగా ఉంటుంది.

2011లో ఇషిజు, సెమిర్ జెకి అనే పరిశోధకులు చేసిన మెదడు స్కానింగుల్లో అందమైన బొమ్మకూ, అందమైన సంగీతానికీ కళ్లకు పైన, నుదుటి వెనకుండే ఒకే భాగం చురుకైంది. దాన్ని 'అందం కేంద్రం' అనేయడం తొందరపాటే. తిండికీ డబ్బుకీ కూడా అది స్పందిస్తుంది.

యాత్రికులకు నిజంగా పనికొచ్చేది 2017లో బ్రీల్‌మన్, పెల్లి చేసిన ప్రయోగం. అందమైనవి చూస్తూనే, వినబడే అక్షరం రెండక్షరాల కిందట వచ్చిందేనా అని గమనించమన్నారు. అలా ధ్యాస చీలగానే వాళ్లకు తోచే అందం తగ్గిపోయింది. అందం కానివాటి మీది ఇష్టం మాత్రం మారలేదు. అంచున వాలుబండ మీద నిలబడితే కాలు జారుతుందేమోనన్న ధ్యాస కూడా మనసు మీద అలాంటి బరువే అని నా నమ్మకం. నాలుగైదు అడుగులు వెనక్కి వచ్చి చదునైన చోట కూర్చోండి. దాహం తీర్చుకోండి, ఫోను సంచిలో పెట్టండి.

ఫొటో తర్వాత తీయవచ్చు. 2014లో లిండా హెంకెల్ మ్యూజియంలో చేసిన పరీక్షలో, ఫొటో తీసిన వస్తువులు ఊరికే చూసినవాటికన్నా తక్కువగా గుర్తున్నాయి. ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు ఆ నష్టం లేదు. అందుకే లోయ మొత్తాన్ని ఫ్రేములో ఇరికించకుండా ఒక నెర్రెనో, నీటి మలుపునో ఎంచుకోండి.