పొందూరులో నాలుగు రోజులు, ఒక చేప దవడ

పెట్టె రాట్నం కొని ఆరు నెలలైంది. ఒక్క రోజు కూడా నా పోగు పది నిమిషాలు తెగకుండా రాలేదు. లోపం రాట్నంలోనే ఉందనుకున్నాను. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూరో నంబరు నూలు ఇంకా చేత్తోనే వడుకుతారని తెలిసి, నాలుగు రోజులు సెలవు పెట్టి విశాఖలో రైలెక్కాను. నూరో నంబరంటే మాటలు కాదు, 840 గజాల పోగు నాలుగున్నర గ్రాములే తూగుతుంది.

నేర్పడానికి ఒప్పుకున్న మామ్మ నన్ను రాట్నం దరిదాపులకు కూడా రానివ్వలేదు. గింజతో ఉన్న కొండపత్తి గుప్పెడు, ఒక వాలుగ చేప దవడ ఎముక చేతిలో పెట్టింది. ఎముక నిండా సన్నటి పళ్లు, దగ్గర దగ్గరగా. ఒక్కో గింజనూ వేళ్ల మధ్య పట్టుకుని, దాన్ని అంటుకున్న దూదిని ఆ పళ్ల మీద దువ్వాలి. నలకలు, ఎండుటాకు పొడి పళ్లకు చిక్కుకుంటాయి. దూది తలదువ్విన పసిపిల్ల జుట్టులా బారుగా సాగుతుంది. గంట తిరక్కుండానే నా బొటనవేలికి పళ్లు దిగి రక్తమొచ్చింది. మరకపడ్డ దూదిని మామ్మ ఏమీ అనకుండా తీసి అవతల పడేసింది.

రెండు రోజులు ఇదే పని. మూడోరోజు చెక్క మీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ విడదీశాం. చిన్న విల్లుతో దూది చెదరగొట్టడం నాకు అబ్బలేదు, అది మామ్మే చేసింది. తర్వాత ఏకులు చుట్టడం, అంటే వడకడానికి వీలుగా దూదిని సన్నటి చుట్టలు చేయడం. చుట్టిన ఏకుకు చేతి చెమట తగలకుండా ఎండిన అరటి డొప్పలో పెట్టి పట్టుకుంటారు. ‘ఏకులా వచ్చి మేకై కూర్చున్నాడు’ అని ఎన్నిసార్లు అన్నానో గానీ, ఏకును చూడటం అదే మొదలు. చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక.

నాలుగో రోజుకి రాట్నం. 24 ఆకుల (చువ్వల) పెద్ద చక్రం, పోగు చుట్టుకునే ఇనుప పుల్ల, అదే కదురు, ఒకటే. కుడిచేత్తో తిప్పుతూ ఎడమచేత్తో పోగు లాగాను. తెగింది. అతికాను, మళ్లీ తెగింది. మధ్యాహ్నం దాకా ఇదే తంతు. ఏడుపొక్కటే తక్కువ.

మామ్మ వచ్చి నా ఏకు తీసేసి, తను చుట్టిన ఏకు ఇచ్చింది. అదే రాట్నం, అదే చెయ్యి. పోగు బారెడు వచ్చింది, ఇంకో బారెడు వచ్చింది, తెగలేదు!

“రాట్నం ఏం చేస్తాదమ్మా, దూది బాగుండాలి గానీ” అంది.

బయల్దేరే ముందు నేను వడికిన నూలు చూపించాను. వేళ్ల మధ్య నలిపి చూసి, “కార్తీకంలో వత్తులకి పనికొస్తాది, దాచుకో” అంది. ఆ చేప దవడ నాకమ్మమని అడిగితే మాత్రం నవ్వి చీరకొంగులో చుట్టేసుకుంది.