గోడవతల వయ్యారిభామ

ఇంట్లో అందరూ పడుకున్నారు, నాకు మాత్రం మా వీధి మాస్టారి మీద కోపం దిగట్లేదు.

మా గోడవతల ఒక ఖాళీ సైటుంది. ఈ వానలకి మొత్తం వయ్యారిభామ కలుపే, అదే పార్థీనియం, గోడెత్తున లేచింది. అమెరికా గోధుమలతో మన దేశానికి వచ్చిందంటారు, 1950ల్లో మొదట పుణె దగ్గర కనిపించిందట. మొక్క అక్కణ్ణించి ఇక్కడికొచ్చింది, సైటు ఓనర్లు ఇక్కణ్ణించి అక్కడికెళ్లారు. సైటు ఫొటో తీసి వాళ్లకి పెడితే చూస్తారు, జవాబుండదు.

పొద్దున మాస్టారు కొడవలి పట్టుకుని దిగారు. మంచిదే అనుకుంటుండగానే, తెల్లగా పూసి ఉన్నవాటిని సగానికి కోసి తెచ్చి మా గేటు పక్కన కాలవ గట్టు మీద కుప్ప పోశారు. చేతులకి గ్లవ్స్ లేవు, ముక్కుకి గుడ్డ లేదు. "మాస్టారూ, పూత మీద కొయ్యకూడదండీ, విత్తనం రాలుతుంది" అన్నాను. "ఎండాక తగలబెట్టేద్దాంలేమ్మా" అన్నారు. బాగా ఎదిగిన మొక్క ఒక్కటే 15 వేల నుంచి 25 వేల విత్తనాలు రాలుస్తుంది, గాలికీ, కాలవ నీళ్లకీ, బండి టైర్లకీ అంటుకుని వీధంతా తిరుగుతాయి. పైపైన కోస్తే మొదట్లోంచి మళ్లీ చిగురేస్తుంది. వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేరుతో సహా పీకాలి. ఇక తగలబెట్టడమా, అత్తయ్య ఆయాసం సంగతి ఆయనకి తెలీదా? పోనీ చెత్త బండి అబ్బాయిని అడిగితే, తడిచెత్తలోనూ రాదు పొడిచెత్తలోనూ రాదని వెళ్లిపోయాడు. మరి దేంట్లో వస్తుంది నాయనా!

నా కంగారంతా పెదనాన్న వల్ల. తెనాలి దగ్గర మినుము చేను గట్ల మీద ఇదే మొక్క, ఆయన ఉత్త చేతులతో పీకి పారేసేవాడు. మొదట వేళ్ల సందుల్లో దురద, తర్వాత మెడ, ఆ తర్వాత కనురెప్పలు వాచిపోవడం. రెండేళ్లు తిరిగేసరికి మోచేతి మడతల్లో చర్మం నల్లబడి ఏనుగు తోలులా మందమెక్కింది, గోకితే రసి కారేది. ఈ మొక్క పడదు, చేను వైపు వెళ్లొద్దన్నాడు డాక్టరు. అరుగు మీద కూర్చుని దారిన పోయే ప్రతివాణ్ణీ "మా చేను పిందె పట్టిందిరా?" అని అడిగేవాడు. పెదమ్మ కసురుకునేది. ఒకసారి ఆవిడ గుడికెళ్లగానే తలకి తువ్వాలు చుట్టుకుని చేలోకి పోయాడు, ఆ రాత్రంతా తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాడు, పెదమ్మ తిడుతూనే విసురుతోంది.

అందుకని సాయంత్రం మావారి పాత ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, మాస్కు, గ్లవ్స్ వేసుకుని నేనే దిగాను. పూసినవన్నీ ఎరువుల బస్తాలో కుక్కి మూతి బిగించి మేడ మీద ఎండలో పెట్టాను, అందులోనే కుళ్లాలి. పూయనివి వేర్లతో పీకి కొబ్బరిచెట్టు మొదట్లో గోతిలో వేశా, పూత లేకపోతే ఎరువుకి పనికొస్తాయి. వెనక మూల ఆకులన్నీ జల్లెడైపోయి ఉన్నాయి, చూస్తే లేత పసుపు వీపు మీద గోధుమ చారల పెంకు పురుగులు. వీటిని మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగుళూరులో వదిలారు, ఇదే మొక్క తింటాయని. ఎంత ముచ్చటేసిందో! ఆ మూల పూత లేదు కదా అని వాటికే వదిలేశాను.

చీకటి పడుతుంటే మాస్టారు వచ్చి, మాట్లాడకుండా బస్తా మూతి పట్టుకున్నారు. మణికట్లు అప్పటికే ఎర్రగా కందాయి. లోపలికెళ్లి సబ్బుతో కడుక్కోమన్నాను. ఇన్నాళ్లూ ఆ సైటులోకి దిగినవాళ్లు ఇంకెవరున్నారు? వీధి వీధంతా, మాతో సహా, ముక్కు మూసుకుని పోయేవాళ్లమే. అయ్యో అనిపించింది, నిజంగానే.

కడుక్కొచ్చి ఏమన్నారో తెలుసా? "రేపు లీటరుకి పావుకిలో ఉప్పు కలిపి మొత్తం కొట్టేద్దామమ్మా." ఉప్పునీళ్లకి చస్తుంది, కాదనను, బీడు భూముల్లో కొడతారు కూడా. కానీ గోడకి ఇవతల నా కరివేపాకు చెట్టుంది! ఆ చోట తగిరిస గింజలు చల్లుదాం, అది లేస్తే దీన్ని లేవనివ్వదని చెప్పాను. తలూపారు గానీ ఆ తలూపడం నాకు తెలుసు. పొద్దున్నే ఉప్పు బస్తాతో దిగారంటే మాత్రం అత్తయ్యనే పంపిస్తా మాట్లాడమని.