షికాగోలో డిస్కో వెతుక్కుంటూ

రెడ్ లైన్ రైలు దిగి సాక్స్–35 స్టేషన్ నుంచి బయటికి వచ్చేసరికి పొద్దున పదకొండు. ఆ రోజు మ్యాచ్ లేదు. వైట్ సాక్స్ బేస్‌బాల్ టీమ్ ఆడే రేట్ ఫీల్డ్ స్టేడియం చుట్టూ మనిషి అలికిడి లేదు. 35వ వీధి దాటి, ఉత్తరం వైపున్న పార్కింగ్ లాట్‌లోకి నడిచాను. నేలలో పొదిగిన పాలరాతి పలక ఒకటి అక్కడ ఉంది. పాత కొమిస్కీ పార్కులో హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ నిలబడే చోటు, ఎక్కడుండేదో చూపించే గుర్తు అది. 1910 నుంచి 1990 దాకా బేస్‌బాల్ ఆడిన మైదానం. వీధికి అవతల కొత్తది కట్టుకుని, తర్వాత దాన్ని కూల్చేశారు.

షికాగో శివారు నేపర్‌విల్‌లో ఉండే మా అక్క కొడుకు తనూ వస్తాననే అన్నాడు గానీ, ఆఫీసు ఉంది. "అక్కడేముంది మావయ్యా, కార్లు పెట్టుకునే చోటు" అన్నాడు. నాకు మాత్రం షికాగోలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. 1979 జులై 12 రాత్రి, ఆ చోట, జనం మధ్యలో డిస్కో రికార్డుల్ని మందుగుండు పెట్టి పేల్చేశారు.

రికార్డు అంటే మా ఇంట్లో ఏమిటో ముందు చెప్పాలి. తెనాలి దగ్గర మా ఊళ్లో పెద్దన్నయ్యకి మైకు సెట్టు ఉండేది. పెళ్లిళ్లు, తిరునాళ్లు, వినాయక చవితి పందిళ్లు. తాటిచెట్టుకి హారన్ కట్టడం, బ్యాటరీ మోయడం, అన్నయ్య అడిగిన రికార్డు అట్టలోంచి తీసి అందించడం నా పనులు. పొద్దున్నే ఘంటసాల భక్తి పాటతో మొదలవ్వాలి. రాత్రి పదైతే కుర్రాళ్లు చుట్టూ చేరి "డిస్కో వెయ్యి అన్నా" అనేవాళ్లు. బోనీ ఎమ్ ఎల్పీ ఒకటి ఉండేది మా దగ్గర. ఇంగ్లీషు ముక్క రానివాళ్లు కూడా దానికి గంటల తరబడి ఎగిరేవాళ్లు. ఒకసారి పెళ్లి పందిట్లో నా చెయ్యి తగిలి సూది జారి దాని మీద గీత పడింది. అన్నయ్య నన్నేమీ అనలేదు. రెండ్రోజులు నాతో మాట్లాడకుండా ఆ రికార్డుని మెత్తటి గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

అలాంటి ఇంట్లో పెరిగినవాడికి, రికార్డుల్ని పెట్టెలో కుక్కి పేల్చారన్న మాట మామూలుగా చెవికెక్కదు.

స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ మొదలుపెట్టిన వ్యవహారం అది. 1978 చివర్లో అతను పనిచేసే స్టేషన్ రాక్ మానేసి డిస్కోకి మారింది, అతని ఉద్యోగం పోయింది. వేరే స్టేషన్‌లో చేరి రోజూ డిస్కోని తిట్టిపోశాడు. వైట్ సాక్స్ టీమ్ వాళ్లకి టికెట్లు అమ్ముడుపోవాలి. ఇంట్లో ఉన్న డిస్కో రికార్డు ఒకటి తెస్తే 98 సెంట్లకే లోపలికి రానిస్తామన్నారు. దాదాపు 48 వేల మంది వచ్చారు, బయట ఇంకెంతోమంది మిగిలిపోయారు. ఆ రోజు వరసగా ఉన్న రెండు మ్యాచ్‌ల మధ్య విరామంలో, హోమ్ ప్లేటుకి ఎదురుగా దూరంగా ఉండే సెంటర్ ఫీల్డ్‌లో, ఆ రికార్డుల పెట్టె పెట్టి పేల్చారు. వెంటనే వేలమంది మైదానంలోకి దూకి గడ్డి పీకారు, మంటలు పెట్టారు, రికార్డుల్ని గాల్లోకి విసిరారు. పోలీసులు దిగాల్సి వచ్చింది. రెండో మ్యాచ్ జరగనే లేదు. దాన్ని డెట్రాయిట్ టీమ్ గెలిచినట్టు ప్రకటించారు.

హోమ్ ప్లేట్ దగ్గర నిలబడి, సెంటర్ ఫీల్డ్ ఎటు ఉండేదో అంచనా వేసుకుని అటు నడిచాను. కింద తారు, పసుపు గీతలు. ఎండ దంచేస్తోంది.

రాక్ అభిమానుల సరదాయే తప్ప అందులో ఇంకేమీ లేదని డాల్ ఇప్పటికీ అంటాడు. నాకు ఆ మాట సరిపోదు. ఆ రాత్రి స్టేడియంలో విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాడు జనానికి సీట్లు చూపించే అషర్‌గా పనిచేశాడు, సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం కొనుక్కోవడానికి డబ్బు కూడబెట్టుకుంటూ. జనం తెచ్చినవాటిలో డిస్కోతో సంబంధం లేనివి చాలా ఉన్నాయని, అవి కేవలం నల్లజాతి గాయకుల రికార్డులని తర్వాత అతనే చెప్పాడు. డిస్కో పుట్టింది నల్లజాతి వాళ్లు, లాటినోలు, స్వలింగ ప్రేమికులు తమకంటూ చోటు లేక చేసుకున్న పార్టీల్లో. ఆ కోపం పాట మీద మాత్రమే అని నేను అనుకోలేను. నిజమే, అప్పటికి కంపెనీలు లాభం కోసం ప్రతిదానికీ డిస్కో దరువు తగిలించి మార్కెట్లో కుమ్మరించాయి. చెత్త పాటలూ వచ్చాయి. కానీ చెత్త పాటని వినడం మానేస్తారు, దానికి మందుగుండు ఎందుకు?

మరుసటి ఏడాది అమెరికా సంగీత అవార్డులు గ్రామీల్లో డిస్కోకి విడిగా ఒక బహుమతి పెట్టారు. 1980లో గ్లోరియా గేనర్ పాడిన 'ఐ విల్ సర్వైవ్'కి వచ్చింది. ఆ తర్వాత ఆ విభాగాన్నే ఎత్తేశారు.

మళ్లీ రెడ్ లైన్ ఎక్కి జాక్సన్‌లో దిగాను. ఆడమ్స్ వీధి వెంట పడమరకి నడిచి, నది దాటి, యూనియన్ స్టేషన్ దాటాక జెఫర్సన్ వీధి. 206 నంబరు. మూడంతస్తుల పాత ఇటుక భవనం, ముందు నుంచి పోయేవాళ్లెవరూ తలెత్తి చూడరు. మూలన గోధుమరంగు బోర్డు మీద 'ఫ్రాంకీ నకుల్స్ వే' అని ఉంది. ఆయన పేరు వీధికి 2004లో పెట్టారు, భవనాన్ని 2023లో నగరం రక్షిత కట్టడంగా ప్రకటించింది.

ఫ్రాంకీ నకుల్స్ న్యూయార్క్ కుర్రాడు. 1977లో ఇక్కడికొచ్చి ఈ భవనంలో నడిచే 'వేర్‌హౌస్' క్లబ్బులో రికార్డులు వేయడం మొదలుపెట్టాడు. శనివారం రాత్రి మొదలైతే ఆదివారం పొద్దెక్కేదాకా. మందు అమ్మేవాళ్లు కాదు, పళ్లరసాలే. మూడు నాలుగు మైళ్ల అవతల రికార్డులు పేల్చిన రాత్రి తర్వాత కూడా ఇక్కడ అవే రికార్డులు తిరుగుతూనే ఉన్నాయి. పెద్ద కంపెనీలు డిస్కో తీయడం మానేశాయి, కొత్త పాటలు రావడం తగ్గింది. ఆయన పాతవాటినే టేపు మీదికి ఎక్కించి, బ్లేడుతో కోసి, జనానికి నచ్చిన దరువు ముక్కని మళ్లీ మళ్లీ అతికించి పొడుగు చేశాడు. తర్వాత డ్రమ్ మెషీన్ కలిపాడు. వేర్‌హౌస్‌లో వినపడే సంగీతం గనక జనం దాన్ని 'హౌస్' అన్నారు. ఆ అషర్ కుర్రాడు విన్స్ లారెన్స్ ఉన్నాడు కదా, 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి 'ఆన్ అండ్ ఆన్' చేశాడు. మొట్టమొదటి హౌస్ రికార్డుగా చాలామంది చెప్పుకునేది దాన్నే.

ఆ తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాను. టేపు కోసి అతికించడం నాకు తెలుసు. తెగిన క్యాసెట్‌ని గోళ్లరంగుతో అతికించిన చేతులివి.

సాయంత్రం మా వాడు స్టేషన్ నుంచి కార్లో తీసుకెళ్తుంటే, వెనక సీట్లో వాడి కూతురు ఫోన్లో పాటలు పెట్టింది. దానికి పదిహేనేళ్లు. ఒకచోట నేను ఉలిక్కిపడ్డాను. "ఇది డోనా సమ్మర్ పాట కదమ్మా!" అన్నాను. "కాదు తాతయ్యా, బియాన్సే" అంది. ఇద్దరిదీ నిజమే. 2022లో వచ్చిన బియాన్సే ఆల్బమ్‌లో ఆఖరి పాట అది, అందులో వాడుకున్నది 1977లో డోనా సమ్మర్ కోసం జోర్జో మోరోడర్ మ్యూనిక్‌లో సింథసైజర్ మీద కట్టిన 'ఐ ఫీల్ లవ్' బాణీ. పిల్లకి అది వినిపిస్తే, ఇంటికి చేరేదాకా అదే మళ్లీ మళ్లీ పెట్టింది.

శనివారం ముగ్గురం జాక్సన్ పార్కుకి వెళ్లాం. ఏటా జులై మొదట్లో 'చోజెన్ ఫ్యూ' అనే డీజేల బృందం అక్కడ పిక్నిక్ చేస్తుంది. 1990లో కుటుంబాల కలయికగా మొదలైందట. చెట్ల కింద టెంట్లు, పొయ్యిల మీద మాంసం కాలుతున్న వాసన, మడత కుర్చీల్లో అమ్మమ్మలు. అరవై దాటినవాళ్లు మనవల చేతులు పట్టుకుని ఆడుతున్నారు. మన తిరునాళ్లకీ దానికీ తేడా నాకు కనపడలేదు.

స్పీకర్ల దగ్గరికి వెళ్లాక అర్థమైంది, ఇన్నేళ్లూ నేను ఏం వినలేదో. మా హారన్లు కిలోమీటరు దూరం వినపడేవి గానీ వాటిలో బేస్, అంటే కింది స్థాయి గంభీరమైన శబ్దం, పలకదు. డిస్కో ప్రాణమంతా బేస్‌లో ఉంది. త–క–ధి–మి నాలుగు దెబ్బలకీ కింద పెద్ద డ్రమ్ము సమానంగా పడుతుంది, రెండు దెబ్బల మధ్య సందులో హై–హ్యాట్ తాళాల జత 'ఛిస్' అని తెరుచుకుంటుంది. ఫిలడెల్ఫియా డ్రమ్మర్ ఎర్ల్ యంగ్ 1973 ప్రాంతంలో తెచ్చిన పద్ధతి. ఆ దెబ్బ బలంగా వినపడేలా న్యూయార్క్‌లో టామ్ మౌల్టన్ లాంటివాళ్లు ఒక్క పాటనే పన్నెండంగుళాల రికార్డు మీద వెడల్పు గాళ్లతో కోయించారు. చిన్న రికార్డులో గాళ్లు ఇరుగ్గా ఉంటే బేస్ తగ్గించాల్సిందే. మేమేమో ఎంత మంచి రికార్డు తెచ్చినా హారన్‌లోంచి వినిపించాం. 1986లో 'సింహాసనం'తో బప్పీ లహరి తెలుగులోకి వచ్చినప్పుడు కూడా మా ఊరు ఆ దరువుని సగమే విన్నది. సగానికే అంతలా ఎగిరారు మా వాళ్లు.

అప్పుడు ఇండియాలో రాత్రి తొమ్మిదిన్నర. అన్నయ్యకి ఫోన్ చేశాను. డెబ్భై దాటాయి, సెట్టు అమ్మేసి ఇరవై ఏళ్లయింది.

"నువ్వు మాట్లాడకు, ఫోను బాక్సు వైపు తిప్పు" అన్నాడు.

తిప్పి పట్టుకున్నాను. పాట సగం అయ్యాక చెవి దగ్గర పెట్టుకుంటే, "బేస్ వినపట్లేదురా. ఫోన్లో రాదనుకుంటా. ఎట్లా ఉంది?" అన్నాడు.

"రొమ్ము మీద చేత్తో కొడుతున్నట్టు ఉంది అన్నయ్యా."

"ఎంత వేగంలో?"

నేల అదురుతుంటే కాలితో తాళం వేస్తూ, ఫోనుకి నోరు ఆనించి, పడిన ప్రతి దెబ్బకీ 'దమ్, దమ్, దమ్, దమ్' అంటూ ఆయనకి చెప్పడం మొదలుపెట్టాను.