టెంటులో వాన: ఎనిమిదో రాత్రి లెక్కలు

తెల్లవారుజామున 4 గంటల 20 నిమిషాలకు మా అమ్మాయి నా భుజం కుదిపి, “నాన్నా, వాన పడుతోంది” అన్నది. జిప్పు తీసి తల బయటపెట్టి చూస్తే ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. చుక్కలు పిండి ఆరబోసినట్టున్నాయి. వాన పడుతున్నది టెంటు లోపల, అదీ సరిగ్గా దాని నుదుటి మీద. పక్కనే మా అబ్బాయి, అవతల మా ఆవిడ ఒంటి మీద చుక్క పడకుండా హాయిగా నిద్రపోతున్నారు. ఇది ఎనిమిదో రాత్రి. మూడు రాత్రులు ఇంటి మేడ మీద, ఐదు ఊరి బయట. మేడ మీద ఒక్క బొట్టు రాలలేదు. బయట ఈ టెంటులో మేము పడుకున్న నాలుగు రాత్రులూ అదే చోట, అరచెయ్యి వెడల్పు మేరలో, అదే పిల్ల మీద చినుకులు పడ్డాయి. పిల్లను అటు మార్చి నేను ఇటు పడుకోవచ్చు కదా అని మీకు తోచవచ్చు. మాకూ తోచింది, ఆ మూల తన సొంతమని, దాన్ని వదిలేది లేదని అమ్మాయి తేల్చిచెప్పింది.

నెలలో రెండు రాత్రులు నలుగురం ఫోన్లు పక్కనపెట్టి ఆరుబయట పడుకోవాలని మొదలుపెట్టిన ఈ అలవాటులో మిగతావన్నీ చక్కగానే నడుస్తున్నాయి. మా ఆవిడ నడుము నొప్పికి 7.5 సెంటీమీటర్ల గాలి పరుపుతో పరిష్కారం దొరికింది. అబ్బాయి చీకటి భయం మూడో రాత్రికి పోయింది. పడుకునే ముందు నలుగురం కలిసి అరగంట నడిచి వస్తే పిల్లలు పది నిమిషాల్లో నిద్రలోకి జారుకుంటున్నారు. ఇక రాయవలసినదంతా ఆ చినుకు గురించే.

మొదట నేను చేసిన తప్పు, ఈ నీరంతా మా ఊపిరి నుంచే వస్తోందని నమ్మడం. ఆ నమ్మకానికి లెక్క లేకపోలేదు. పెద్దవారి శరీరం నుంచి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా, మనకు తెలియకుండానే రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల నీరు ఆవిరై పోతుంది. అంటే గంటకు ముప్పై గ్రాముల పైచిలుకు. పిల్లలది కొంత తక్కువ వేసుకున్నా, నలుగురం కలిసి గంటకు దాదాపు 100 గ్రాముల నీటిని గాలిలోకి వదులుతున్నాం. మా టెంటు నేల 2.4 మీటర్లు, 2.1 మీటర్లు, నడిమి ఎత్తు 1.4 మీటర్లు, గుమ్మటం ఆకారం కనుక లోపల పట్టే గాలి సుమారు 4 ఘనపు మీటర్లు. 20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి 17 గ్రాములకు కాస్త ఎక్కువ నీటి ఆవిరిని మాత్రమే భరించగలదు. టెంటంతటికీ కలిపి చూసినా 70 గ్రాములే. కాబట్టి ఎముకలా పొడిగా ఉన్న గాలితో మొదలుపెట్టినా, తలుపులన్నీ బిగించుకుంటే గంట తిరక్కముందే గాలి నిండిపోతుంది. ఆపైన వదిలే ప్రతి ఊపిరీ ఫ్లై మీద, అంటే లోపలి టెంటు పైన కప్పే నీరు చొరని గుడ్డ మీద, బొట్టుగా మారవలసిందే.

ఈ లెక్క చూసుకుని గాలి ఆడనివ్వడమే మందు అనుకున్నాను. కొలవడానికి ఒక మోటు పద్ధతి పెట్టుకున్నాను. పొడి మైక్రోఫైబర్ తువ్వాలును వంటింటి డిజిటల్ త్రాసులో తూచి, తెల్లవారుజామున ఐదింటికి ఫ్లై లోపలి వైపంతా దానితో తుడిచి, మళ్లీ తూచడం. బయటి మొదటి రాత్రి, చలికి భయపడి కిటికీలన్నీ మూసినప్పుడు, 386 గ్రాముల నీరు వచ్చింది. రెండో రాత్రి పై కిటికీలు రెండూ తెరిస్తే 318. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి కనుక, గాలి వీచని రాత్రి వాటివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని తర్వాత అర్థమైంది. చల్లగాలి కింద నుంచి రావాలి, వెచ్చని గాలి పైనుంచి పోవాలి. మూడో రాత్రి ఫ్లై అంచును నేల నుంచి 12 సెంటీమీటర్లు లేపి, ఒక తలుపు సగం తెరిచి ఉంచితే 244కు దిగింది. గెలిచినట్టే అనుకున్నాను. కానీ చినుకు మాత్రం తన చోటు వదల్లేదు.

నాలుగో రాత్రి చేసిన పని చూసి మా ఆవిడ నవ్వింది. ఒక స్నేహితుడి టెంటు అడిగి తెచ్చి మేము నలుగురం అందులో పడుకుని, మా టెంటును పక్కనే, మూడో రాత్రి ఎలా వేశామో అలాగే వేసి, ఖాళీగా వదిలేశాం. పొద్దున్నే తుడిస్తే 178 గ్రాములు! లోపల ఊపిరి పీల్చే ప్రాణి ఒక్కటి లేకుండా, పావు లీటరులో మూడింట రెండొంతులకు పైగా నీరు. రాత్రికీ రాత్రికీ తేమ మారుతుంది కనుక ఈ అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చడం పూర్తిగా న్యాయం కాదని తెలుసు. అయినా, నేను ఇన్నాళ్లూ కుటుంబం మీద వేసిన నిందలో సగానికి పైగా అబద్ధమని ఒప్పుకోక తప్పలేదు.

అందుకే మొన్నటి రాత్రికి కొలత పరికరాలతో సిద్ధమయ్యాను. తేమ కొలిచే చిన్న మీటర్లు మూడు తీసుకున్నాను. సెన్సిరియన్ అనే కంపెనీ సెన్సారు ఉన్నవే కొనడం మేలని నా అభిప్రాయం. వాళ్ల ఎస్‌హెచ్‌టీ31 రకం అయితే తేమను 2 శాతం అటూ ఇటూగా చెబుతుంది. ఏ మీటరైనా కొన్నరోజే ఉప్పు పరీక్ష పెట్టాలి. సీసా మూతలో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేదాకా నాలుగు చుక్కలు నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేస్తే, అది 75 శాతం చూపాలి. నా మూడింటిలో ఒకటి 75, ఒకటి 71, ఒకటి 78 చూపాయి; ఆ తేడాలు అట్ట మీద రాసి వాటి వీపుకు అంటించాను. ఫ్లైకి ఒక తీగ థర్మామీటరును టేపుతో అతికించాను.

4 గంటల 30 నిమిషాలకు, తడిసిన పిల్లను తుడిచి మళ్లీ పడుకోబెట్టాక, చదివిన అంకెలివి. బయటి గాలి 16.4 డిగ్రీలు, తేమ 90 శాతం. అంటే ఆ గాలిలోని ఆవిరి నీరుగా మారే ఉష్ణోగ్రత, మనం డ్యూ పాయింట్ అనేది, 14.7 డిగ్రీలు. లోపల 18.1 డిగ్రీలు, తేమ 93 శాతం. డ్యూ పాయింట్ 17. ఫ్లై మాత్రం 13.2 డిగ్రీలు. బయటి గాలికన్నా 3 డిగ్రీలు చల్లగా! నిర్మలమైన రాత్రి ఆకాశం వైపు తన వేడిని వెదజల్లుకుంటూ పోయే పలచని గుడ్డ, చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. ఆరుబయట నిలిపిన కారు పైకప్పు తడిసి, షెడ్డులోని కారు పొడిగా ఉండేది ఇందుకే. ఇప్పుడు చిక్కు తేటతెల్లమైంది. నేను తలుపులన్నీ బార్లా తెరిచి, లోపలి గాలిని అచ్చంగా బయటి గాలిలా చేసినా, దాని డ్యూ పాయింట్ 14.7 కన్నా తగ్గదు. ఫ్లై ఉన్నది 13.2 దగ్గర. అంటే గాలి ఎంత ఆడినా ఆ రాత్రి ఆ ఫ్లై తడవక మానదు. ఆ పొద్దున తువ్వాలు బరువు కూడా ఈ మాటే చెప్పింది: రెండు తలుపులూ తెరిచినా 231 గ్రాములు.

మేడ మీద ఎందుకు రాలేదన్నదీ దీనితో తేలింది. అక్కడ గాలి 19.8 డిగ్రీలు, తేమ 72 శాతం, ఫ్లై 17. డ్యూ పాయింటేమో 14.6. పగలంతా ఎండ తాగిన శ్లాబు రాత్రంతా కింద నుంచి వెచ్చదనం ఇస్తుంది, పిట్టగోడ కొంత ఆకాశాన్ని దాచేస్తుంది. బయట మేము ఎంచుకున్నదేమో వాగు పక్క పల్లంలో పచ్చిగడ్డి. చల్లగాలి నీళ్లలాగే పల్లానికి చేరుతుంది. చూడముచ్చటైన చోటని నేనే పట్టుబట్టాను కనుక ఈ విషయంలో ఇంకొకరిని అనడానికి లేదు.

అయితే ఫ్లై అంతా తడుస్తుంటే చినుకు ఒక్కచోటే ఎందుకు? టార్చి పట్టుకుని ఆ మూల దగ్గర వెల్లకిలా పడుకుని పావుగంట చూశాను. ఫ్లై లోపలి కుట్టు మీద నీరు రాకుండా వేసే టేపు ఆ మూలలో వాలుకు అడ్డంగా పోతుంది. పై నుంచి జారిన సన్నని బొట్లు ఆ టేపు అంచు దగ్గర, చిన్న గట్టుకు ఆగిన నీళ్లలా ఆగుతున్నాయి. లెక్కపెడితే పదకొండు బొట్లు వరసగా వేలాడుతున్నాయి. అబ్బాయి నిద్రలో కాలు విసరగానే గోడ కదిలి, నాలుగైదు బొట్లు కలిసి ఒకే పెద్ద బొట్టయి, లోపలి టెంటు పైభాగంలోని జాలీ గుండా నేరుగా దిండు మీదికి దిగింది.

దీనికి తోడు ఇంకొకటి. సాయంత్రం ఏడింటికి ఆ మూలలో ఫ్లైకి, లోపలి టెంటుకు మధ్య ఖాళీ 9 సెంటీమీటర్లు ఉంది. నాలుగున్నరకు కొలిస్తే రెండున్నర. నైలాను నీరు పీల్చి సాగుతుంది. సాయంత్రం వీణ తీగలా బిగించిన గుడ్డ తెల్లవారేసరికి ఊయలలా వేలాడుతుంది. పాలియెస్టరు ఇలా సాగడం చాలా తక్కువ. తేలికగా, గట్టిగా ఉంటుందని నైలాను వైపు మొగ్గే వారి మాట కాదనను, కానీ నలుగురు పడుకునే కుటుంబ టెంటుకు కాస్త బరువైనా పాలియెస్టరే నయమని ఇప్పుడు నా గట్టి అభిప్రాయం. స్వీడన్ కంపెనీ హిల్లెబర్గ్ చేసే టెంట్లది సిలికాన్ పూత నైలానే. వాటి గట్టిదనం మీద ఉన్న మంచి పేరు సబబే అయినా, తేమ పట్టే రాత్రి బిగువు సరిచూసుకోవలసిన పని ఆ గుడ్డకూ తప్పదు.

ఈ సందర్భంలోనే, లోపల చిన్న గ్యాసు హీటరు పెడితే తేమ ఆరిపోతుందని నాకు ఒకరిద్దరు సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ ఆ పని చేయవద్దు. మూసిన టెంటులో మంట పెడితే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీయగలదు. అది అలా ఉండగా, తేమ లెక్కలో కూడా ఆ సలహా తలకిందులే; ఒక గ్రాము గ్యాసు కాలితే ఒకటిన్నర గ్రాములకు పైగా నీటి ఆవిరి పుడుతుంది.

ఈసారికి మూడు మార్పులు అనుకుంటున్నాను. మొదటిది, మేకులకు కట్టే చోట గట్టి తాడుకు బదులు సాగే తాడు ఉంగరాలు వేయడం. గుడ్డ వదులైనకొద్దీ అవే లాగి పడతాయి, రాత్రి పదకొండింటికి లేచి, ఫ్లైని మేకులకు లాగి కట్టే గై తాళ్లు బిగించే పని నాకు తప్పుతుంది. రెండోది కొంచెం కోతిపని. టేపు అంచు వెంట లావుపాటి నూలు దారాన్ని అతికించి దాని కొసను పక్క గోడ కిందికి దించితే, ఆగిన బొట్లు దారం పట్టుకుని పక్కకు జారిపోవాలి. నా ఫ్లైకి లోపలి వైపు పాలీయురేథేన్ పూత ఉంది కనుక దానికి సీమ్ గ్రిప్ అనే కుట్ల జిగురు పట్టుకుంటుంది. రెండువైపులా సిలికాన్ పూత ఉన్న గుడ్డ అయితే సిలికాన్ జిగురు తప్ప ఇంకేదీ నిలవదు. స్నానాల గదిలో ఫ్లై ముక్కను వాలుగా కట్టి స్ప్రే బాటిలుతో తడిపి చూశాం. ఇరవై బొట్లలో పదిహేడు దారం వెంట పోయాయి, మూడు దాన్ని లెక్కచేయలేదు.

మూడోది, నాకు ఎక్కువ ఆశ ఉన్నది: టెంటు మీద 30 సెంటీమీటర్ల ఎత్తున ఒక టార్పాలిన్ కట్టడం. ఆకాశం వైపు వేడి పోగొట్టుకునే పని అది చేస్తుంది, తడిస్తే అది తడుస్తుంది, కింద ఫ్లై వెచ్చగా ఉంటుంది. చెట్టు కింద వేసినా ఇదే ఫలితం రావాలి కానీ, ఎండుకొమ్మ విరిగి పడే భయం ఉన్నచోట పిల్లలను పడుకోబెట్టలేను. ఫ్లై ఉష్ణోగ్రత డ్యూ పాయింటుకన్నా ఒక్క డిగ్రీ పైన నిలిచినా చాలు.

ఎటూ వెళ్తున్నాం కనుక, ఒకే చోట ఒకే రాత్రి సగం ఫ్లై మీద టార్పాలిన్ కప్పి, సగం వదిలేసి, రెండు తువ్వాళ్లతో విడివిడిగా తుడవమని మా ఆవిడ చెప్పింది. రాత్రికీ రాత్రికీ పోలిక కుదరదన్న నా గోలకు ఇంత తేలిక జవాబు ఉందని ఎనిమిది రాత్రులుగా నాకు తట్టలేదు. కప్పని సగం ఎవరి వైపు ఉండాలన్న చర్చలో అమ్మాయి, ఆ మూలే ఉండాలని, లేకపోతే దారం పనిచేసిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగింది. తువ్వాళ్లు తూచే ఉద్యోగం ఈసారి దానిదే. త్రాసుకు కొత్త బ్యాటరీలు వేసి అప్పుడే తన సంచిలో పెట్టేసుకుంది.